దీవుల గురించి జనం ముందు మాట్లాడాలంటే: కథ వెతకడం నుంచి ప్రశ్నల దాకా

ఒక దీవి ప్రకృతి, చరిత్ర, సంరక్షణ గురించి మాట్లాడమని ఎవరైనా పిలిస్తే చాలామందిమి మొదట చేసే పని స్లయిడ్లను మూడు గుంపులు చేయడం. ముందు జంతువులూ చెట్లూ, తర్వాత మనుషుల చరిత్ర, చివర్లో సంరక్షణ. నేనూ మొదట్లో అలాగే చేశాను. ఒకసారి మాట్లాడటం అయ్యాక వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, "మరి ఆ దీవిలో మనుషులు ఇప్పుడెట్లా బతుకుతున్నారండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పక్షుల లెక్కలున్నాయి, ఏ ఓడ ఏ ఏడాది వచ్చిందో ఉంది, కానీ అక్కడి మనుషులు నా స్లయిడ్లలో 19వ శతాబ్దంతోనే ఆగిపోయారు. ఆ ప్రశ్న చాలా రోజులు నన్ను వదల్లేదు.

అప్పటినుంచి పద్ధతి మార్చుకున్నాను. దీవికి ఎలుక వచ్చిందంటే ఓడలో వచ్చింది, ఓడ వచ్చిందంటే ఎవరో ఏదో అవసరం పడి వచ్చారు, ఆ ఎలుకను ఈరోజు తీసేయాలంటే అక్కడ కాపురం ఉంటున్నవాళ్లు ఒప్పుకోవాలి. మూడు విషయాలు కావు ఇవి, ఒకే కథ. ఆ ఒక్క కథను ఎలా వెతకాలో, ఎలా కట్టాలో, జనం ముందు ఎలా చెప్పాలో నాకు తెలిసినంత వరకూ ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: ఒకే దీవి, ఒకే ప్రశ్న

"ప్రపంచ దీవుల జీవవైవిధ్యం" అని పేరు పెట్టుకుంటే గంటసేపు జాబితా చదవడమే అవుతుంది. ఒక్క దీవిని పట్టుకోండి. మిగతా ప్రపంచం గురించి ఒకే ఒక్క వాక్యం చాలు: భూభాగంలో దీవుల వాటా సుమారు 5 శాతమే, కానీ గత 500 ఏళ్లలో అంతరించినట్టు నమోదైన జాతుల్లో సగానికి పైగా దీవులవే. ఈ మాట విన్నాక, ఒక చిన్న దీవి గురించి ఇంతసేపు ఎందుకు వినాలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

దీవిని ఎంచుకునేటప్పుడు నేను చూసేది మూడు సంగతులు. చదవడానికి సరిపడా నమ్మకమైన రాతలు ఉండాలి. ఇప్పటికీ ఆ దీవితో బంధం ఉన్న మనుషులు, అక్కడే ఉన్నా, వెళ్లగొట్టబడి దూరంగా ఉన్నా, ఉండాలి. మూడోది ముఖ్యం: మీకే జవాబు తెలియని ప్రశ్న ఒకటి ఉండాలి. "డోడో ఎలా అంతరించింది" అన్నది అందరికీ సగం తెలిసిన కథ, 1598లో డచ్చివాళ్లు మారిషస్ చేరారు, 1662 తర్వాత ఆ పక్షిని చూసినట్టు గట్టి ఆధారం లేదు, అంతే. అదే "డోడో పోయాక మారిషస్‌లో ఇంకా ఎవరు పోయారు, ఎవరు చివరి క్షణంలో మిగిలారు" అని అడిగి చూడండి. 1974 నాటికి నాలుగంటే నాలుగే మిగిలాయని లెక్కతేలిన మారిషస్ డేగ, మళ్లీ వందల్లోకి ఎలా వచ్చిందన్న దారి తెరుచుకుంటుంది. ప్రశ్న మారితే ప్రసంగమే మారిపోతుంది.

రెండో అడుగు: కాగితం మధ్యలో గీత గీయండి

పెద్ద కాగితం తీసుకుని నిలువుగా మధ్యలో ఒక గీత. ఎడమవైపు నేల, మొక్కలు, జంతువులు. కుడివైపు మనుషులు. ఎడమ అంచున సంవత్సరాలు. చదివిన ప్రతి సంగతీ తారీఖుతో సహా ఏదో ఒక వైపు పడాలి. ఈ పనికి వారం పట్టినా తొందరపడకండి, అసలు ప్రసంగం పుట్టేది ఈ కాగితం మీదే.

మొదటి గడిలో దీవి పుట్టుక రాయండి. చాలామంది వదిలేసేది ఇదే, కానీ తర్వాత జరిగే సగం సంగతులు దీని మీదే ఆధారపడతాయి. ఖండం నుంచి విడిపోయిన దీవి అయితే కొన్ని జంతువులు దానితోపాటే వచ్చి ఉంటాయి. సముద్రం అడుగు నుంచి అగ్నిపర్వతంగా లేచిన దీవి అయితే మొదట్లో అక్కడ ఏమీ లేదు, ప్రతి ప్రాణీ నీళ్లు దాటి రావాల్సిందే. అందుకే అలాంటి దూరపు దీవుల్లో సొంత కప్పలు దాదాపు కనిపించవు, ఉప్పునీటిని కప్ప చర్మం తట్టుకోలేదు. హవాయిలో మనుషులు అడుగుపెట్టేసరికి నేలమీద బతికే క్షీరదాలంటే గబ్బిలాలే, ఎందుకంటే ఎగరగలిగినవి అవే. పిల్లి, ఎలుక, పంది లాంటి వేటగాళ్లు లేని చోట లక్షల ఏళ్లు గడిపిన పక్షికి ఎగరాల్సిన పని తగ్గుతుంది, నేలమీద గూడు పెడుతుంది, మనిషిని చూసి భయపడదు. తర్వాత ఓడ వస్తే ఏమవుతుందో ఈ ఒక్క గడి చెప్పేస్తుంది.

ఇండోనేషియాలోని అగ్నిపర్వత దీవి క్రకటోవా 1883 ఆగస్టులో పేలినప్పుడు మిగిలిన ముక్క మీద ప్రాణమన్నదే లేదని అనుకున్నారు. 1884 మేలో అక్కడికి వెళ్లినవాళ్లకు కనిపించిన ఒకే ఒక్క జీవి ఒక చిన్న సాలీడు. అది గూడు అల్లుకుంటోంది. దారప్పోగు మీద గాలిలో తేలుతూ వచ్చి ఉంటుంది. దీవి మీదికి ప్రాణం ఎలా చేరుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి దృశ్యం దొరకలేదు.

మూడో అడుగు: గొలుసు పట్టుకోండి, పట్టుకున్నాక తనిఖీ చేయండి

కాగితం నిండాక గీతకు రెండు వైపులా ఉన్న సంగతులను బాణం గుర్తులతో కలపండి. ఏ బాణాలు ఎక్కువసార్లు గీత దాటుతున్నాయో అదే మీ కథ. ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది, బాగా వినిపించే కథ దొరకగానే మనం వెతకడం ఆపేస్తాం.

న్యూజిలాండ్‌లోని స్టీఫెన్స్ దీవి కథ చూడండి. ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు ఉండే చిన్న దీవి, ఆ దేశపు మూలవాసులైన మావోరీలు దాన్ని తకపొరేవా అంటారు. 1894లో అక్కడ లైట్‌హౌస్ వెలిగింది. ఎగరలేని ఒక చిన్న పిట్ట అక్కడ ఉండేది. ఎక్కడ చూసినా చెప్పే కథ ఇది: లైట్‌హౌస్ కాపలాదారు పెంచుకున్న ఒకే ఒక్క పిల్లి ఆ పిట్టలన్నింటినీ తినేసింది, ఒక జాతి మొత్తాన్ని ఒక్క జంతువు అంతం చేసింది. వినగానే ఒళ్లు జలదరిస్తుంది, సభలో చెబితే సూది పడినా వినిపిస్తుంది. కానీ నిజం అంత నున్నగా లేదు. పాత ఉత్తరాలూ మ్యూజియం రికార్డులూ తిరగేసి 2004లో వెలువడిన పరిశీలనలో తేలింది ఏమిటంటే, పిల్లులు త్వరగానే పెరిగి అడవిబాట పట్టాయి, పిట్టను అంతం చేసింది ఆ గుంపు, దానికి పట్టిన కాలం కూడా కథలో చెప్పినంత తక్కువ కాదు. ఇంకో మెట్టు కిందికి దిగితే, ఆ పిట్ట ఎముకలు న్యూజిలాండ్ పెద్ద దీవుల్లోనూ దొరికాయి. అంటే ఒకప్పుడు అది దేశమంతా ఉండేది, మావోరీల పూర్వీకుల పడవల్లో వచ్చిన చిన్న ఎలుకలు ఆ పెద్ద దీవుల్లో దాన్ని ముందే తుడిచిపెట్టాయి, స్టీఫెన్స్ దీవి దాని చివరి తావు మాత్రమే.

ఇప్పుడు చెప్పండి, ఏ కథ పెద్దది? ఒక పిల్లి కథా, లేక వందల ఏళ్లలో రెండు వేర్వేరు వలసలు, రెండు వేర్వేరు జంతువులతో ఒకే పిట్టను రెండు దశల్లో మింగేసిన కథా? నా మటుకు రెండోదే. పైగా అదే దీవిలో టువటారా అనే పురాతన సరీసృపం ఈనాటికీ వేల సంఖ్యలో ఉంది, ఎందుకంటే పిల్లులను 1925 నాటికి అక్కణ్నుంచి తొలగించారు. ప్రసంగంలో ముందు పిల్లి కథ చెప్పి, ఒక నిమిషం ఆగి, "ఇది నిజమేనా, చూద్దాం" అని విప్పుతూ వెళ్లండి. వినేవాళ్లు మీతోపాటే పరిశోధన చేస్తున్నట్టు ఉంటుంది.

తనిఖీకి నా నియమం సులువు. ఏ సంగతినైనా స్వతంత్రంగా రాసిన రెండు చోట్ల చూడాలి. రెండూ ఒకే మూడోదాన్ని కాపీ కొట్టి ఉంటే అవి రెండు కావు, ఒకటే. సంఖ్య మీద అనుమానం ఉంటే "వేలల్లో" అని ఊరుకోండి, తప్పు సంఖ్య కంటే అది మేలు.

నాలుగో అడుగు: సైన్స్‌ను చేతికందించండి

1967లో రాబర్ట్ మకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే జీవశాస్త్రవేత్తలు దీవుల జీవభూగోళం గురించి ఒక సిద్ధాంతం ప్రచురించారు. సారాంశం ఇది: పెద్ద దీవిలో జాతులు ఎక్కువ, చిన్న దీవిలో తక్కువ. ఒడ్డుకు దగ్గరున్న దీవికి కొత్తవి ఎక్కువ చేరతాయి, దూరపు దానికి తక్కువ. చేరేవి, పోయేవి ఒక సమతూకానికి వస్తాయి. ఈ నాలుగు మాటలకు గ్రాఫ్ వేస్తే సగం సభ ఫోన్లు చూసుకుంటుంది.

గ్రాఫ్ వద్దు, పళ్లేలు తీసుకెళ్లండి. రెండు పెద్దవి, రెండు చిన్నవి. ఒక పెద్దది, ఒక చిన్నది మీకు రెండడుగుల దూరంలో నేలమీద పెట్టండి, మిగతా రెండూ ఎనిమిది అడుగుల దూరంలో. సభలోంచి ఒక పిల్లనో పిల్లాణ్నో పిలిచి, కదలకుండా ఒకే చోట నిలబడి గుప్పెడేసి ఎండు గింజలు నాలుగైదుసార్లు విసరమనండి. తర్వాత గట్టిగా లెక్కపెట్టించండి. దగ్గరి పెద్ద పళ్లెంలో ఇరవయ్యో ముప్పయ్యో ఉంటాయి. దూరపు చిన్న పళ్లెంలో చాలాసార్లు రెండో మూడో, ఒక్కోసారి ఒక్కటి, అదీ అంచు మీద దొర్లుతూ. ఇప్పుడు ప్రతి పళ్లెం నుంచి రెండేసి గింజలు తీసేయమనండి. ఒక తుఫానొచ్చింది, ఒక జబ్బొచ్చింది అనుకుందాం. పెద్ద పళ్లెంలో తేడా తెలియదు. దూరపు చిన్నది ఖాళీ. ఆ ఖాళీ పళ్లేన్ని ఎత్తి చూపిస్తే చాలు. నేను ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో హాలు నిశ్శబ్దమవుతుంది.

దీని వెనకే నిజంగా జరిగిన ప్రయోగం చెప్పండి. 1960ల్లో విల్సన్, ఆయన విద్యార్థి డేనియల్ సింబర్లాఫ్ కలిసి ఫ్లోరిడా తీరంలో చిన్న చిన్న మడచెట్ల దిబ్బలను ఎంచుకుని, వాటిమీద డేరాలు కప్పి, పొగబెట్టి పురుగులన్నింటినీ చంపేసి, మళ్లీ ఎవరెవరు వచ్చి చేరతారో వరసగా లెక్కపెట్టారు. ఏడాది తిరిగేలోపే చాలా దిబ్బల్లో జాతుల సంఖ్య దాదాపు మునుపటికి వచ్చింది. కానీ వచ్చినవి అచ్చంగా పాతవే కావు. అన్నింటికంటే దూరపు దిబ్బ వెనకబడింది.

కొలతలను కూడా చేతికందే వస్తువులతోనే చెప్పండి. న్యూజిలాండ్‌కు చెందిన చాటం దీవుల్లోని నల్ల రాబిన్ అనే పిట్ట బరువు సుమారు 22 గ్రాములు అంటే ఎవరికీ ఏమీ అనిపించదు. నాలుగు కొత్త పెన్సిళ్లు కట్టగట్టి ముందు వరసకిచ్చి, "ఇంత బరువే, 1980లో ప్రపంచం మొత్తమ్మీద అయిదే ఉన్నాయి" అనండి. ఆ కట్ట చేతులు మారుతూ వెనక వరస దాకా వెళ్తుంటే మీరు మిగతా కథ చెప్పుకుపోవచ్చు. ఆ అయిదింటిలో గుడ్లు పెట్టి పిల్లలను సాకగలిగిన ఆడపక్షి ఒక్కతే, దానికి ఓల్డ్ బ్లూ అని పేరు. సంరక్షకుడు డాన్ మెర్టన్ బృందం దాని గుడ్లను తీసి టామ్‌టిట్ అనే వేరే పిట్ట గూళ్లలో పెట్టింది, గుడ్లు పోయిన రాబిన్ మళ్లీ పెట్టేది. ఇవాళ బతికున్న నల్ల రాబిన్లన్నీ ఓల్డ్ బ్లూ, దాని మగతోడు, ఆ ఒక్క జంట సంతానమే.

అయిదో అడుగు: మనుషుల చరిత్ర

తొందరపాటు అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ భాగంలోనే. పక్షి గురించి తప్పు చెబితే పక్షి బాధపడదు. మనుషుల గురించి తప్పు చెబితే వాళ్ల మనవళ్లు వింటారు.

రాపా నుయి, అంటే ఈస్టర్ దీవి, గురించి ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న కథ ఉంది. రాతి విగ్రహాల పిచ్చిలో చెట్లన్నీ నరికేసుకున్నారు, తిండి లేక కొట్టుకు చచ్చారు, మనిషి దురాశకు ఇదే గుణపాఠం అని. పర్యావరణం గురించి మాట్లాడేవాళ్లకు ఇది బాగా పనికొచ్చే కథ, అందుకే ఎక్కువ జాగ్రత్త కావాలి. తాటిజాతి చెట్లు పోయిన మాట నిజం. కానీ ఎలుకలు కొరికిన తాటికాయలు కూడా తవ్వకాల్లో దొరికాయి, అంటే చెట్లు మళ్లీ మొలవకపోవడంలో ఎలుకలకూ వాటా ఉంది. 2024లో వెలువడిన పురాతన డీఎన్ఏ అధ్యయనంలో 1600ల్లో జనాభా కుప్పకూలిన ఆనవాళ్లు కనిపించలేదు. రాతలో నమోదై, తేదీలతో సహా తెలిసిన విధ్వంసం తర్వాతి కాలానిది. 1862 నుంచి పెరూ బానిస వ్యాపారులు వందలాది మందిని ఎత్తుకుపోయారు, తిరిగొచ్చిన కొద్దిమందితో మశూచి వచ్చింది, 1877కల్లా దీవిలో మిగిలింది 111 మంది. ఈ సంఖ్య చెప్పకుండా చెట్ల కథ ఒక్కటే చెబితే, దెబ్బతిన్నవాళ్ల మీదే నింద మోపినట్టవుతుంది. ఇంత ఘాటుగా ఎందుకు రాస్తున్నానంటే, నేను కూడా ఒకప్పుడు ఆ పాత కథనే నమ్మి చెప్పాను.

సంరక్షణ పేరుతో జరిగిన అన్యాయాలనూ దాచొద్దు. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల ప్రజలను 1968 నుంచి 1973 మధ్య బ్రిటన్ వెళ్లగొట్టింది, డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం. 2010లో అదే సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. పగడపు దిబ్బలు నిజంగానే బాగున్నాయి. కానీ అక్కడి మనుషులను తిరిగి రానివ్వని చోట "మనుషుల తాకిడి లేని స్వచ్ఛమైన సముద్రం" అని మనం పొగిడితే, ఆ మాట ఎవరి చెవిన పడుతుందో ఆలోచించాలి. ఆ ప్రకటన సముద్ర చట్టానికి విరుద్ధంగా జరిగిందని 2015లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తేల్చింది. రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి చెప్పండి, ఒకదాన్ని దిద్దడానికి ఇంకోదాన్ని చెరపొద్దు.

స్వచ్ఛందంగా ఖాళీ అయిన దీవులూ ఉన్నాయి. స్కాట్లండ్ సెయింట్ కిల్డాలో మిగిలిన 36 మంది 1930 ఆగస్టు 29న వెళ్లిపోయారు, వాళ్లే అర్జీ పెట్టుకుని. తరాలుగా సముద్రపక్షులను పట్టి తిని, నూనె తీసి, ఈకలతో అద్దె కట్టిన జనం వాళ్లు. పక్షుల దీవి అని ఇవాళ మనం చూసేదాంట్లో వాళ్ల చేతి గుర్తు ఉంది.

భాషను మరిచిపోకండి. అండమాన్‌లో బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010లో కన్నుమూశారు. తన దీవిలోని మొక్కలకూ పక్షులకూ చేపలకూ తరతరాలుగా పెట్టుకున్న పేర్లు ఒక భాషలో ఉంటాయి. మీరు చెప్పే దీవిలోని ఒక పక్షికి అక్కడివాళ్లు ఏమంటారో కనుక్కుని, ఆ పేరునే ప్రసంగమంతా వాడండి. ఎలా పలకాలో ముందే వినండి.

వీలైతే ఆ దీవికి చెందిన మనిషినే మాట్లాడించండి, వీడియో కాల్‌లోనైనా సరే. పది నిమిషాలు వాళ్లకిచ్చి మీరు పక్కన కూర్చోండి. పాత ఫోటోలు వాడేటప్పుడు జాగ్రత్త. పరిశోధకులు కొలతలు తీస్తూ తీసిన ఫోటోలు, ఎముకల ఫోటోలు, పూజాస్థలాల ఫోటోలు ఉచితంగా దొరుకుతున్నాయని పెట్టేయకండి. బయటివాళ్లతో సంబంధం వద్దనుకునే తెగల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. వాళ్లను చేరుకోవడం ఎలా అన్న ఆసక్తిని రేపే ఒక్క మాట కూడా ప్రసంగంలో ఉండకూడదు.

ఆరో అడుగు: సంరక్షణను పూలబాటగా చూపించొద్దు

దీవుల్లో సంరక్షణ అంటే చాలావరకు చంపడమే. విషపు ఎర వేసి ఎలుకలను చంపడం, తుపాకులతో మేకలను చంపడం. గలాపగోస్‌లో లక్షకు పైగా మేకలను ఇలా తొలగించారు. చివర్లో దాక్కున్నవాటిని కనిపెట్టడానికి రేడియో పట్టీ కట్టిన మేకలను వదిలారు, అవి మంద కోసం వెతుక్కుంటూ వెళ్తే వెనకే వేటగాళ్లు. ఈ భాగం దాటేస్తే ప్రశ్నల సమయంలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అప్పుడు మీరు దాచినట్టు ఉంటుంది. ముందే చెప్పేయండి, ఎందుకు చేశారో చెప్పండి, వ్యతిరేకించేవాళ్ల బాధ కూడా న్యాయమైనదేనని ఒప్పుకోండి.

అన్నీ కలిసొచ్చే ఉదాహరణ కావాలంటే ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ దీవి. 1918 జూన్‌లో మకాంబో అనే ఓడ అక్కడ నేలకానింది, మరమ్మతు చేసేలోపు ఎలుకలు దిగాయి. కొన్నేళ్లలోనే అనేక పక్షిజాతులు పోయాయి, అరచేతికి మించిన పొడవుండే నల్లటి పుల్లపురుగు కూడా పోయిందనుకున్నారు. 2001లో ఆ దీవికి 23 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలోంచి ఐదు వందల మీటర్లకు పైగా నిట్టనిలువుగా లేచిన బాల్స్ పిరమిడ్ అనే రాతిగుట్ట మీద, రాత్రిపూట టార్చిలైట్లతో ఎక్కినవాళ్లకు ఒక పొద దగ్గర 24 పురుగులు కనిపించాయి. మొత్తం జాతి ఒక పొద కింద. 2003లో రెండు జంటలను తెచ్చి పెంపకం మొదలుపెట్టారు.

కానీ అక్కడితో ఆపితే సగమే. పురుగు ఇంటికి రావాలంటే దీవిలో ఎలుకలు పోవాలి. ఆ దీవిలో కొన్ని వందల మంది కాపురం ఉంటున్నారు, వాళ్ల ఇళ్ల చుట్టూ, పిల్లలు ఆడుకునే చోట విషపు ఎర పెట్టాలి. ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి, ఇరుగుపొరుగు మాటలు మానేసుకునేంత దాకా వెళ్లింది. 2015లో అభిప్రాయం అడిగితే సగానికి కాస్త పైగా మాత్రమే సరే అన్నారు. 2019లో పని జరిగింది. ఎర తిని చచ్చిపోకుండా ఎగరలేని వుడ్‌హెన్ పక్షులను ముందే పట్టి పంజరాల్లో దాచారు. 2021లో మళ్లీ ఎలుకలు కనిపిస్తే ఉరుకులు పరుగుల మీద వాటి వెంటపడ్డారు. ఓడ, పురుగు, వాదన, ఓటు, ఎర, కాపలా, అన్నీ ఒకే గొలుసు. గంట ప్రసంగానికి ఈ ఒక్క దీవి చాలు.

అనుకోనివి కూడా జరుగుతాయని చెప్పండి. ఆస్ట్రేలియాకే చెందిన మక్వారీ దీవిలో 2000 నాటికి పిల్లులన్నింటినీ తొలగించారు, ఆ తర్వాత కుందేళ్లు విపరీతంగా పెరిగి కొండవాలు గడ్డిని నున్నగా మేసేశాయి. కుందేళ్లను అదుపులో ఉంచిన వైరస్ పని తగ్గడం కూడా ఒక కారణమని కొందరు శాస్త్రవేత్తల వాదన. చివరికి ఎలుకలు, కుందేళ్లు అన్నింటినీ కలిపి తొలగించాల్సి వచ్చింది, 2014లో పని పూర్తయిందని ప్రకటించారు. పసిఫిక్‌లోని గువామ్ దీవిలో అయితే కథ ఇంకా తెగలేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సైనిక సరుకులతో వచ్చిన గోధుమరంగు చెట్టుపాము 1980లకల్లా అడవి పక్షులను దాదాపు ఊడ్చేసింది. పారాసిటమాల్ నింపిన చచ్చిన చిట్టెలుకలను హెలికాప్టర్ల నుంచి అడవిమీద వేశారు, ఆ మందు పాముకు విషం. పాములు ఇంకా ఉన్నాయి. కోకో అని పిలిచే గువామ్ రైల్ పక్షిని మాత్రం పంజరాల్లో పెంచి పక్క దీవుల్లో వదిలితే నిలదొక్కుకుంది.

ఏడో అడుగు: గడియారం, స్లయిడ్లు, హాలు

గంట ఇచ్చారంటే 40 నిమిషాలకు తయారవ్వండి. మిగతాది ప్రశ్నలకు. స్లయిడ్లు ఇరవై దాటొద్దు, ఒక్కోదాని మీద ఆరు మాటలకు మించి వద్దు. మొదటిది తప్పకుండా మ్యాప్, దాని మీద కొలత గీత ఉండాలి, వినేవాళ్లకు తెలిసిన ఏదో ఒక ప్రదేశం అదే కొలతలో పక్కన పెడితే ఇంకా మంచిది. పక్షి కూత రికార్డింగ్ దొరికితే చీకట్లో ఇరవై సెకన్లు వినిపించండి, చిత్రం ఆ తర్వాత. దేశీయ జాతి, చొరబాటు జాతి లాంటి మాటలు మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో విప్పి చెప్పండి.

ముందురోజు గట్టిగా, నిలబడి, గడియారం పెట్టుకుని ఒకసారి చెప్పి చూసుకోండి. మనసులో అనుకోవడం రిహార్సల్ కాదు. మొదటి రెండు నిమిషాలు మాత్రం కంఠతా వచ్చి ఉండాలి, టెన్షన్ అంతా అప్పుడే కాబట్టి. హాలుకు అరగంట ముందు వెళ్లి మైకూ ప్రొజెక్టరూ చూసుకోండి, కరెంటు పోయినా చెప్పగలిగేలా పళ్లేలూ పెన్సిళ్లూ మీ దగ్గరే పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: ప్రశ్నలు

ఎక్కడ మాట్లాడినా తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

"దీవులన్నీ మునిగిపోతాయటగా?" అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పొద్దు. పగడపు దీవులు కదిలే ఇసుక, పసిఫిక్‌లో గత కొన్ని దశాబ్దాల్లో చాలా దీవుల విస్తీర్ణం తగ్గలేదని, కొన్ని పెరిగాయని కొలతల్లో తేలింది. కానీ మునగకముందే నేల కింద మంచినీరు ఉప్పగా మారొచ్చు, ఉప్పెనలు తోటలను పాడుచేయొచ్చు. ప్రాణుల సంగతికొస్తే ఆస్ట్రేలియా ఉత్తరాన బ్రాంబుల్ కే అనే ఇసుకదిబ్బ మీద మాత్రమే ఉండే చిన్న ఎలుకజాతి అంతరించిందని 2019లో ఆ ప్రభుత్వం ప్రకటించింది. పదే పదే పోటెత్తిన సముద్రపు నీళ్లే ముఖ్య కారణమని తేల్చారు.

"పోయిన జంతువులను డీఎన్ఏతో తిరిగి పుట్టించొచ్చు కదా?" పుట్టిస్తే ఎక్కడ వదులుతారు అని ఎదురు ప్రశ్న వేయండి. దాన్ని చంపిన ఎలుకలూ పందులూ ఇంకా అక్కడే ఉంటే?

"మేం వెళ్లి చూడొచ్చా?" వెళ్లొచ్చు, బూట్ల అడుగు కడుక్కుని, సంచుల మడతల్లో గింజలు దులుపుకుని. ఇక్కడ సుర్ట్సే కథ చెప్పండి. 1963లో ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలోంచి పుట్టిన ఈ దీవికి శాస్త్రవేత్తలకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. అయినా ఒకసారి అక్కడ టమాటా మొక్క మొలిచింది. ఎవరో బహిర్భూమికి వెళ్లిన చోట, వాళ్ల పొట్టలోంచి వచ్చిన గింజ. కనిపెట్టి పీకేశారు. నవ్వుతారు, కానీ ఇంటికెళ్లాక గుర్తుండేది ఇదే.

జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, అడిగినవారి ఫోన్ నంబరు తీసుకుని, వారంలోపు కనుక్కుని చెప్పండి. మీరు చెప్పినదాంట్లో తప్పుందని తర్వాత తెలిస్తే నిర్వాహకుల ద్వారా వచ్చినవాళ్లందరికీ సవరణ పంపండి. రాపా నుయి విషయంలో నేను ఆ పని చేశాను, రెండు పేరాలు రాసి పంపాను. జవాబిచ్చినవాళ్లలో ఒకరు, ఆ సవరణతో సహా ఆ ప్రసంగాన్ని తమ బడిలో మళ్లీ చెప్పమని పిలిచారు.